వేపాకు పూసిన కొంగు

బందరులో జూన్ నెల వచ్చిందంటే ఏ బడి గేటు దగ్గర చూసినా ఒకటే గోల. పిల్లలు గేటు ఊచలు పట్టుకుని ఏడుస్తుంటారు, తల్లులు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ పోలేక పోలేక నిలబడి ఉంటారు, బండ్ల మీద తండ్రులు హారన్లు కొడుతుంటారు. ఇంగ్లీషుపాలెంలో ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. అక్కడ మాత్రం ఈ గోల పావుగంటకి మించి సాగదు. అక్కడ శేషారత్నం టీచరు ఉంది కదా మరి.

ఆవిడ పద్ధతి ఒకటే. ఏడుస్తున్న పిల్లాణ్ణి తల్లి చంకలోంచి తనే లాక్కుంటుంది. వాడి మొహం తన భుజానికి ఆనించుకుని, తల్లితో, "వెనక్కి చూడకుండా వెళ్ళిపోండమ్మా. మీరు చూస్తే వాడు చూస్తాడు. నాలుగు రోజులు ఏడుస్తాడు, అయిదోరోజుకి అలవాటైపోతుంది" అంటుంది. ఇరవయ్యారేళ్ళుగా ఈ అయిదోరోజు లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని ఆవిడ గొప్ప. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత రోజుకి పదిసార్లన్నా వాడుతుంది. ఒకటో తరగతి వెధవ ఒకడు ఇంటికెళ్ళి, నడుం వంగని వాళ్ళ తాతగారితో ఇదే సామెత చెప్పి వీపు చిట్లగొట్టించుకున్నాడు కూడాను.

మంచి టీచరే. కాదని ఎవరూ అనరు. కానీ ఆ అయిదోరోజు లెక్కే చివరికి ఆవిడ కొంప ముంచింది. బడిలో పనికొచ్చింది కదా అని దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఎవరు తెచ్చుకోమన్నారండీ?

ఆవిడ బతుకు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తండ్రి వెంకటసుబ్రహ్మణ్యం గారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి, రిటైరైన రెండేళ్ళకి పోయాడు. జాతకాలు కుదిరితే మనుషులు కుదరక, మనుషులు కుదిరితే జాతకాలు కుదరక శేషారత్నానికి పెళ్ళి కాలేదు. తల్లి కూడా పోయాక మిగిలింది రెండు గదుల పెంకుటిల్లు, తనకన్నా పదిహేనేళ్ళు చిన్నదైన చెల్లెలు సుహాసిని. చెల్లెల్ని తనే చదివించింది. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న శశిధర్‌కిచ్చి తనే పీటలెక్కించింది. తన చేతుల మీదుగా ఒక్క పెళ్ళి అయిందని ఆవిడ సంతోషం. ఆ సంతోషం మూడేళ్ళుంది. పాప తన్మయికి తొమ్మిదో నెల నడుస్తుండగా సుహాసినికి జ్వరం వచ్చింది. అయిదో రోజుకి మనిషి లేదు.

పిల్ల అప్పటికింకా తల్లిపాల మీదే ఉంది. సీసా నోట్లో పెడితే ఉమ్మేసేది. గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చి, సొమ్మసిల్లి, మళ్ళీ లేచి ఏడ్చేది. శశిధర్ గోడకి తలకొట్టుకునేవాడు తప్ప మరో పని చెయ్యలేకపోయాడు. అలా మూడు రాత్రులైంది. నాలుగో రాత్రి శేషారత్నం పిల్లని భుజాన వేసుకుని వసారాలో పచార్లు చేస్తుంటే, అది తల పక్కకి తిప్పి, ఆవిడ కొంగు కొస నోట్లోకి లాక్కుని చప్పరించడం మొదలుపెట్టింది. కట్టుకుంది పెడన కలంకారీ చీర, ఎన్నో ఉతుకులకి మెత్తబడిన నూలుది. రెండు నిమిషాల్లో పిల్ల నిద్రపోయింది. శేషారత్నం ఆ రాత్రంతా కూర్చోలేదు. కదిలితే కొంగు నోట్లోంచి జారిపోతుందేమోనని భయం.

"పరిస్థితులు కాస్త కుదుటపడేదాకా మీ దగ్గర ఉండనివ్వండి వదినగారూ" అన్నాడు శశిధర్. ఆ కాస్త నాలుగేళ్ళయింది.

నాలుగేళ్ళలో ఆ ఇంట్లో సాయంకాలం అంటే ఒక పద్ధతి ఏర్పడింది. ఏడున్నరకి పెరుగన్నం. ఎనిమిదింటికి పెరట్లో కుళాయి కింద కాళ్ళు కడగడం. తర్వాత దొడ్డమ్మ ఒళ్ళో కాళ్ళు పెట్టి తుడిపించుకోవడం. ఇది పెద్ద తతంగం. బొటనవేలు బందరు. పక్కవేలు పెడన. నడిమివేలు కవుతరం. ఆ పక్కది గుడ్లవల్లేరు. చిటికెనవేలు గుడివాడ. పిల్ల తండ్రిని మరిచిపోకూడదని శేషారత్నమే కల్పించిన రైలు ఇది.

"బందరులో ఎవరుంటారూ?"

"దొడ్డమ్మ!"

"గుడివాడలో?"

"నాన్న!"

"మరి కవుతరంలో?"

"గేదెలు!" అని పిల్ల పడీపడీ నవ్వేది. అదెప్పుడో రైల్లోంచి చూసిన గేదెలు. ఇల్లు మర్చిపోయిన పీత కథ ఆ తర్వాత. మంగినపూడి ఇసకలో ఒక పీత తన బొరియ ఏదో మర్చిపోయి ఒక్కో బొరియ తలుపూ తడుతుంది. ఏడో తలుపు దాటేలోపే పిల్లకి నిద్ర వచ్చేసేది కాబట్టి ఆ పీతకి ఇల్లు దొరికిందో లేదో నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తేలలేదు. వీపు మీద జోకొట్టడం, నోట్లో కొంగు. పిల్ల నిద్రపోయాక వేలితో పెదవి కాస్త వత్తి, తడిసిన కొంగు మెల్లిగా లాక్కుని శేషారత్నం పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి లేచేది. పెళ్ళి కాకపోతేనేం, పురుడు పోసుకోకపోతేనేం, ఆ తడి కొంగు నడుముకి తగులుతుంటే ఆవిడకి ఇంకేం కావాలనిపించేది కాదు.

శశిధర్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తప్పేముంది? ముప్పయ్యారేళ్ళవాడు. చేసుకోమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది కూడా శేషారత్నమే. పెళ్ళికూతురు హరిణిది పెదపారుపూడి. నెమ్మదైన పిల్ల. మాఘమాసంలో పెళ్ళయింది. మే నెల మొదటి ఆదివారం భార్యాభర్తలిద్దరూ బందరు వచ్చి, భోజనాలయ్యాక కూర్చున్నారు.

"ఈ ఏడు పాపని గుడివాడలో ఎల్‌కేజీలో వేద్దామనుకుంటున్నాం వదినగారూ. స్కూళ్ళు తెరిచేలోపు అక్కడ అలవాటు పడాలి కదా. పై ఆదివారం కాక ఆ పై ఆదివారం వచ్చి తీసుకెళ్తాం."

శేషారత్నం మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మంచిది శశీ. నీ పిల్ల. ఎప్పటికైనా తీసుకెళ్ళాల్సిందేగా" అంది. గొంతు వణకలేదు. వణికితే ఆవిడ శేషారత్నం టీచరెలా అవుతుంది?

వంటింట్లోకి వెళ్తే హరిణి వెనకాలే వచ్చింది. "అక్కయ్యగారూ, రాత్రిళ్ళు పడుకోవడానికి పాప ఏమన్నా ఇబ్బంది పెడుతుందా?" అని అడిగింది.

ఆ ప్రశ్న హరిణి ఎందుకడిగిందో ఒక్క నిమిషం ఆగి చూసి ఉంటే ఈ కథే లేదు. శేషారత్నానికి మాత్రం చెవిలో సీసం పోసినట్టయింది. అప్పుడే ఇబ్బంది అన్న మాట వచ్చేసిందన్నమాట! రేపు రాత్రి పిల్ల కొంగు కోసం ఏడిస్తే ఏమంటుంది? ఏం పెంపకం ఇది అంటుంది. రెండు రోజులు ఓర్చుకుంటుంది, మూడోరోజు కసురుకుంటుంది, నాలుగోరోజు చెయ్యి లేస్తుంది. ఎంత మంచిదైనా సవతి తల్లి సవతి తల్లే కదా.

"ఏ ఇబ్బందీ పెట్టదు. పక్క మీద పడుకోబెట్టి లైటు తీసేస్తే అదే పడుకుంటుంది. నువ్వేం కంగారు పడకు" అంది. పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని పధ్నాలుగు రోజుల్లో నిజం చెయ్యాలని ఆ క్షణానే నిర్ణయించేసుకుంది. పిల్ల అక్కడికి వెళ్ళి ఏడవకుండా ఉండాలంటే ఇక్కడే ఏడుపంతా అయిపోవాలి. ఆవిడ భయం అది. భయపడ్డ మనిషికి తెలివి ఎక్కడేడుస్తుంది?

మొదటి మూడు రోజులు కథ మాన్పించింది. "పీత వాళ్ళ ఊరెళ్ళింది, మళ్ళీ వచ్చాక చెప్తాను" అంది. పిల్ల నమ్మింది. తర్వాత జోకొట్టడం ఆపింది. పిల్ల తనే ఆవిడ చెయ్యి తీసి వీపు మీద వేసుకుంటే, ఆ చెయ్యి మెల్లిగా వెనక్కి తీసేసుకుంది. ఆ తర్వాత రైలు ఆట. కాళ్ళు గబగబా తుడిచేసి, "ఇవాళ రైలు లేదు" అంది. "బందైందా?" అని అడిగింది పిల్ల. "బందైంది" అంది.

మిగిలింది కొంగు. అది ఊరికే వదిలేది కాదు.

బడిలో ఆయాగా చేసే దుర్గ రెండిళ్ళవతల ఉంటుంది. పొద్దున్నే శేషారత్నం పెరట్లో రోలు ముందు కూర్చుని వేపాకు నూరుతుంటే చూసింది. "ఏంటండీ మేడంగారూ, అమ్మోరేమన్నా పోసిందా పాపకి?" అంది కంగారుగా.

"కాదు దుర్గా. కొంగు మాన్పిద్దామని."

 దుర్గ రోలు పక్కన కూలబడి కూర్చుని, "మా నానిగాడికి పాలు మాన్పించడానికి నేనూ పూశానండీ వేపాకు. కాదన్ను. కానీ పాలు మాన్పిస్తే పక్కనే అమ్మ ఉంటదండీ. ఏడిస్తే ఎత్తుకుంటది. మీరు ఆ అమ్మనే మాన్పిస్తన్నారు. ఎందుకండీ పసిదాని ఉసురు పోసుకుంటారు?" అంది.

"నాలుగు రోజులే. అయిదోరోజుకి..."

"ఆ అయిదోరోజు సంగతి బడిలోనండీ. సాయంత్రానికి వాళ్ళమ్మ వస్తది కాబట్టి అలవాటు పడతారు" అని దుర్గ లేచి వెళ్ళిపోయింది.

ఆయా మాట టీచరుకెక్కుతుందా? ఎక్కలేదు. కలంకారీ చీర కొంగు కొసని వేపాకు ముద్దలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి ఆరబెట్టింది. ఆ రాత్రి పిల్ల అలవాటుగా కొంగు నోట్లో పెట్టుకుంది. మొహం అంతా ముడుచుకుపోయింది. కొంగు తీసి, లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"దొడ్డమ్మా, నీ కొంగుకేమైంది?"

"చేదైపోయిందమ్మా."

"ఎందుకు?"

"నువ్వు పెద్దదానివైపోయావుగా. పెద్దపిల్లలకి చేదుగా ఉంటుంది."

పిల్ల ఏడవలేదు. ఏదో తన తప్పే అన్నట్టు ఊరుకుంది. రాత్రంతా దొర్లుతూనే ఉంది. తెల్లారి శేషారత్నం స్నానం చేసి వచ్చేసరికి పిల్ల స్టూలెక్కి పంచదార డబ్బా దింపింది. దండెం మీది కొంగు ఒళ్ళో వేసుకుని గుప్పెళ్ళతో పంచదార రుద్దుతోంది. నేలంతా పంచదారే. "ఇంక తియ్యగా అయిపోతుంది దొడ్డమ్మా. రాత్రికి బావుంటుంది" అంది, పెద్ద చిక్కు తీర్చినదానిలా.

శేషారత్నం పెరట్లోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, లోపలికొచ్చి, కొంగు ఉతికి మళ్ళీ వేపాకు పూసింది. ఏం గుండె అండీ అది! ఆపేద్దామని అప్పుడు కూడా అనిపించలేదంటే ఏమనాలి? అనిపించిందేమో. ఇంత చేశాక ఇప్పుడాపితే చేసిందంతా దండగే కదా అని కూడా అనిపించి ఉంటుంది.

ఇక చివరి అయిదు రోజులు. పిల్ల పక్క వేరే గదిలో వేసింది. పడుకోబెట్టి లైటు తీసేసి వచ్చెయ్యాలి. మొదటిరోజు పిల్ల వెంటపడి వచ్చింది. అందుకని ఒక ఆట కల్పించింది. ఇరవయ్యారేళ్ళు పిల్లల్ని మాయచేసిన మనిషికి ఆట కల్పించడం ఎంతసేపు?

"చూడు తన్మయీ. నేను లైటు తీసేసి వెళ్తాను. నువ్వు కళ్ళు మూసుకుని పడుకోవాలి. నన్ను పిలిస్తే నువ్వు ఓడిపోయినట్టు. వెళ్తూ వెళ్తూ నేను వెనక్కి తిరిగి చూస్తే నేను ఓడిపోయినట్టు. సరేనా?"

"గెలిస్తే?"

"గెలిచినవాళ్ళు ఏది అడిగితే అది."

పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "ఏదైనా?" అంది.

"ఏదైనా."

ఆ రాత్రి పిలవలేదు. మర్నాడూ పిలవలేదు. మూడో రాత్రి, నాలుగో రాత్రి గదిలోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. శేషారత్నం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇంక తను వెళ్ళలేనని ఆవిడకి తెలుసు. అయిదో రాత్రి గడప ఇవతల చాప మీద పడుకుని, లెక్క తప్పలేదు, పిల్లకి అలవాటైపోయింది అనుకుంది. నిద్రలో ఆవిడ చెయ్యి నేల మీద జోకొడుతూనే ఉంది. మెలకువ వచ్చి చూసుకుని ఆ చెయ్యి ఒంటి కింద పెట్టుకుంది.

ఆదివారం వాళ్ళిద్దరూ వచ్చారు. శశిధర్ బొమ్మల సంచీ, బట్టల పెట్టె ఆటోలో పెట్టిస్తుంటే హరిణి శేషారత్నం పక్కన కూర్చుని చేతిసంచీలోంచి ఒక చిన్న రూళ్ళ పుస్తకం, పెన్ను తీసింది. మొదటి పేజీలో "పాప పడుకునే ముందు" అని రాసి ఉంది. కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు, ఆ అంకెల పక్కన ఖాళీ.

"చెప్పండి అక్కయ్యగారూ, రాసుకుంటాను. ఆరోజు అడిగితే మీరు నన్ను కంగారు పడొద్దన్నారు కానీ, మావారు అన్నీ చెప్పారు. కాలివేళ్ళతో ఏదో రైలు ఆటంట కదా. పీత కథంట. నాకివన్నీ రావు. మీరెలా చేస్తే నేనూ అలాగే చేస్తే పాపకి ఇల్లు మారినట్టుండదని. మీ పాత చీర ఒకటి ఇస్తే, నేనే కట్టుకుంటాను రాత్రిళ్ళు."

 శేషారత్నం పుస్తకంలో ఆ అంకెల వైపే చూస్తూ కూర్చుంది. ఈ పిల్ల రెండు వారాల కిందట తన వంటింట్లో నిలబడి ఇదే అడిగింది. ఇదే! తను వినలేదు. అన్నీ పోయాయి. ఒక్కొక్కటే తన చేత్తోనే పీకేసింది.

లేచి, లోపలికెళ్ళి, కలంకారీ చీర తెచ్చింది. మూడుసార్లు ఉతికిన చీర. అది చూడగానే పిల్ల రెండడుగులు వెనక్కి వేసి తండ్రి కాళ్ళని చుట్టేసుకుంది.

"వద్దు. అది చేదు."

"చేదేంటి?" అంది హరిణి నవ్వుతూ. ఆటో కదిలాక కూడా శేషారత్నం చీర చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉంది. పిల్ల ఆటోలోంచి వెనక్కి తిరిగి చూడలేదు. నేర్పిన పాఠం అంత బాగా వచ్చింది.

పదిరోజుల తర్వాత హరిణి ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కయ్యగారూ, పాప నిద్రపోవడం లేదు. మీరు చెప్పినట్టే లైటు తీసేస్తే చక్కగా పడుకుంటుంది, ఏడవదు, పిలవదు, ఏమీ అడగదు. నిద్రపోయిందనే అనుకున్నాం. మొన్న దుప్పటి కప్పుదామని వెళ్తే కళ్ళు తెరుచుకుని ఉంది. పదకొండింటికి చూశాను, పన్నెండున్నరకి చూశాను, అలాగే ఉంది. నన్ను చూడగానే గట్టిగా మూసేసుకుంటుంది. పగలు తింటూ తింటూ కంచం మీదే తూగిపోతోంది. డాక్టరుకి చూపించాం, ఒంట్లో ఏమీ లేదన్నారు. నాకు భయంగా ఉంది. ఒక్కసారి రాగలరా?"

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. అంటే బందరులో ఆ అయిదు రాత్రులూ కూడా పిల్ల నిద్రపోలేదు. కళ్ళు తెరుచుకుని చీకట్లో పడుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే తెలిసేది.

శనివారం సాయంత్రం బండికి గుడివాడ వెళ్ళింది, అదే కలంకారీ చీర కట్టుకుని. పిల్ల చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లగా వచ్చింది. దొడ్డమ్మని చూసి ఎగిరి మీద పడలేదు. దగ్గరికొచ్చి నిలబడి, "ఎప్పుడొచ్చావు?" అని పెద్దవాళ్ళలా అడిగింది.

హరిణి కాఫీ ఇస్తుంటే శేషారత్నం ఉన్నదంతా చెప్పేసింది. కథ మాన్పించిన దగ్గర్నుంచి వేపాకు దాకా, పంచదార దాకా. "పిల్ల నీ చేత మాట పడుతుందని భయపడ్డానమ్మా" అంది.

హరిణి తిట్టలేదు. తిడితే బావుండేది. "నాకు భయపడ్డారా అక్కయ్యగారూ?" అని మాత్రం అంది. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి.

రాత్రి ఎనిమిదింటికి శేషారత్నం పిల్ల కాళ్ళు తనే కడిగింది. ఒళ్ళో పెట్టుకుని బొటనవేలు పట్టుకుంది. "రైలు మళ్ళీ వేశారమ్మా. ఇదేంటి, బందరు..."

పిల్ల మర్యాదగా కాలు వెనక్కి తీసుకుంది. "నేను పెద్దదాన్ని కదా."

"పీత ఊర్నించి వచ్చేసింది. కథ చెప్పనా?"

"వద్దు."

కొంగు కొస అరచేతిలో పెట్టి చూపించింది. "చూడు, చేదు పోయింది. నేను రుచి చూశాను." పిల్ల ఆ కొంగు వైపు ఒక్క క్షణం చూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది. తర్వాత వెల్లకిలా తిరిగి, కాళ్ళు చాపి, చేతులు రెండూ పక్కలకి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. బడిలో నిద్ర గంట కొట్టాక బల్లల మీద పడుకునే పిల్లల్లా.

"నువ్వు లైటు తీసేసి వెళ్ళు దొడ్డమ్మా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? శేషారత్నం లేచింది. లైటు తీసింది. గుమ్మం దాకా నడిచింది. గడప మీద కాలు పెట్టాక ఇంక తన వల్ల కాలేదు. వెనక్కి తిరిగి చూసింది. వీధి దీపం వెలుగు కిటికీలోంచి పక్క మీద పడుతోంది. పిల్ల కళ్ళు రెండూ తెరుచుకుని ఆవిడనే చూస్తున్నాయి.

చటుక్కున పక్క మీద లేచి కూర్చుంది.

"నువ్వు చూశావు! నువ్వు ఓడిపోయావు దొడ్డమ్మా!"

గుడివాడ వచ్చాక ఆ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి. శేషారత్నం వచ్చి పక్క మీద కూలబడింది. "అవునమ్మా. ఓడిపోయాను."

"నేను ఒక్కరోజు కూడా పిలవలేదు. హరిణమ్మని కూడా పిలవలేదు. నువ్వు ఎప్పుడు చూస్తావా అని రోజూ మేలుకునే ఉన్నాను. నేనే గెలిచాను కదా?"

"నువ్వే గెలిచావు తల్లీ."

"ఏది అడిగితే అది ఇస్తానన్నావు."

అడగకూడదని తెలిసి కూడా ఆవిడ అడిగింది. "ఏం కావాలమ్మా?"

పిల్ల దుప్పట్లోంచి కాలు బయటికి చాపి, బొటనవేలు చూపించింది.

"బందరు."

ఏం చెప్పాలి? ఆ పిల్ల మీద ఆవిడకేం హక్కుంది? తండ్రి పక్కగదిలో ఉన్నాడు. బడిలో ఫీజు కట్టేశారు. యూనిఫారం కూడా కొన్నారు, తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. నిజం చెప్పాలంటే, రాలేవమ్మా అని చెప్పాలి. ఈ రాత్రి కూడా కళ్ళు తెరుచుకుని ఉండమని చెప్పినట్టే అది.

"సరేనమ్మా. పొద్దున్నే తీసుకెళ్తాను" అంది శేషారత్నం.

పిల్ల మళ్ళీ ఏమీ అడగలేదు. దొడ్డమ్మ మాట దానికి వేదం. పక్కకి ఒత్తిగిల్లి, ఆవిడ కొంగు చేత్తో వెతికి పట్టుకుని, చేదో కాదో చూసుకోకుండానే నోట్లో పెట్టుకుంది. శేషారత్నం చెయ్యి దానంతటదే వెళ్ళి వీపు మీద పడింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒళ్ళంతా వదిలేసి, నోరు తెరుచుకుని, చిన్న గురక కూడా పెడుతూ నిద్రపోయింది. ఆవిడ గంటసేపు అలాగే కూర్చుని, తర్వాత వేలితో పెదవి కాస్త వత్తి, కొంగు లాక్కుంది.

హాల్లో హరిణి నిద్రపోకుండా కూర్చుని ఉంది. గుమ్మంలోంచి తొంగిచూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం పట్టలేక శేషారత్నం రెండు చేతులూ పట్టుకుని, గుసగుసగా, "నిజంగా పడుకుంది! ఏం చేశారు అక్కయ్యగారూ? చెప్పండి, రాసుకుంటాను, రోజూ అదే చేస్తాను" అంటూ టీవీ పక్కనున్న ఆ రూళ్ళ పుస్తకం అందుకుంది.

"రేపటికి పనికిరాదమ్మా అది" అంది శేషారత్నం.

హరిణికి అర్థం కాలేదు. పెన్ను మూత తీసి అలాగే చూస్తోంది.

శేషారత్నం చేతిసంచీ వెతుక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కొంగు ఇంకా తడిగా ఉంది. దాన్ని నడుముకి చుట్టి దోపుకుంటూ, "పాప లేచేలోపల బందరు వెళ్ళే బండి ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగింది.